కొంగుముడిలో మూడు ఫ్యూజులు

మేస్త్రీ గారు పోయారన్న సంగతి నాకు మొన్న ఆదివారం చర్చి మెట్ల దగ్గర తెలిసింది. ప్రార్థన అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే, ఒకప్పుడు నాతోపాటు మిల్లులో రంపపు పొట్టు ఎత్తిన మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని, మన కోతమిల్లు మేస్త్రీ గారు గురువారం పోయారంట అక్కా, అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, చేతులు ఆఖరిదాకా బాగానే ఉన్నాయా అని. పక్కనున్నవాళ్లు నా మొహం వంక చూశారు. మనిషి పోయాడంటే జబ్బేంటి, ఎన్నాళ్లు మంచాన ఉన్నాడు అని అడుగుతారు గానీ చేతుల సంగతి ఎవరడుగుతారు? ఆమెకి మాత్రం అర్థమైంది.

"పదీ ఉన్నాయంటక్కా. ముందురోజు కూడా తన చేత్తోనే కలుపుకుని తిన్నారంట."

అప్పుడు గానీ నాకు కళ్లనీళ్లు రాలేదు.

ఆ పది వేళ్లంటే ఆయనకి అంత గొప్ప. వినుకొండ ఊరి బయట, నరసరావుపేట రోడ్డు పక్కన ఆ మిల్లు ఉండేది. నిలువెత్తు రంపం. పైన ఒక చక్రం, కింద గుంటలో ఒక చక్రం, రెండిటికీ నడుం పట్టీలాగా తగిలించిన పళ్ల రంపం. అది గిర్రున తిరుగుతుంటే ట్రాలీ మీద దుంగని పెట్టి దాని మీదికి తోస్తారు. ముప్పై ఏళ్లు ఆయన ఆ రంపం ముందు నిలబడ్డారు. కోత పనివాడంటే సగం వేలైనా లేకుండా ఉండాలని జనం అనుకుంటారు. కొత్తగా దుంగలు తెచ్చిన రైతు ఎవరైనా ముందు ఆయన చేతుల వంకే చూసేవాడు. ఆయన రెండు చేతులూ చాచి, వేళ్లు విడదీసి, లెక్కపెట్టుకో అనేవారు. లెక్కపెట్టిందాకా దించేవారు కాదు.

మా ఆయనకి కుడిచేతికి మూడు వేళ్లే. మేం ఈ మిల్లుకి రాకముందు వేరే ఊళ్లో పనిచేసేవాళ్లం. అక్కడ పలకల కోసం వచ్చిన మనిషెవరో వెనకనుంచి మా ఆయన్ని పేరు పెట్టి పిలిచాడు. తల వెనక్కి తిరిగింది, చెయ్యి ముందుకే పోయింది. అంతే జరిగింది. మేం వచ్చిన రోజున మేస్త్రీ గారు ఈ సంగతంతా అడిగి, మళ్లీ అడిగి, పిలిచింది ఎటువైపు నుంచి, ఎంత దూరం నుంచి అని కూడా తెలుసుకుని, మర్నాడు షెడ్డు దూలానికి ఒక రైలుపట్టా ముక్క వేలాడదీశారు. రంపం మీద ఉన్నవాణ్ణి ఇక ఎవరూ పిలవకూడదు. మాట చెప్పాలంటే ఇనపకడ్డీతో ఆ పట్టాని కొట్టాలి. చేతిలో పని అయ్యాక, స్విచ్ ఆపి, చక్రం నిలిచాక అప్పుడు వెనక్కి తిరుగుతారు. మేస్త్రీ గారి తల్లి పోయిన కబురు తెచ్చినవాడు కూడా పట్టాని కొట్టి అలా నిలబడాల్సి వచ్చింది. ఆయన దుంగ కోత ముగించి, చక్రం ఆగాక తిరిగి, చెప్పు అన్నారు. ఆ కబురు తెచ్చినవాడు ఇప్పటికీ ఆయన్ని రాతిగుండె అంటాడు. నేననను. ఆ మిల్లులో ఉన్న పన్నెండేళ్లూ ఎవరినీ పేరు పెట్టి పిలవక, ఇప్పుడు రాయబోయినా ఆయన పేరు నా చేతికి రావడం లేదు.

ఇక పిల్లల సంగతి. మిల్లుకి అవతలి పక్క సర్కారు హైస్కూలు. ఒకరోజు సైన్సు టీచరమ్మ ఏడో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని, చెప్పా పెట్టకుండా మిల్లు చూపిద్దామని వచ్చేసింది. గేటు తీసే ఉంది. రంపం తిరుగుతోంది. ఆడపిల్లల జడలకి రిబ్బన్లు, భుజాల మీద చున్నీలు, మగపిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ షెడ్డు కిందికి వచ్చేస్తున్నారు. నేను చీపురు పారేసి పట్టా కొట్టాను. మేస్త్రీ గారు స్విచ్ ఆపారు. స్విచ్ ఆపినంత మాత్రాన ఆ చక్రం ఆగదు, మనం వంద లెక్కపెట్టేంత సేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ వందా అయ్యేదాకా ఆయన రంపానికి వీపు పెట్టి, రెండు చేతులూ బారచాచి పిల్లలకి అడ్డంగా నిలబడ్డారు. మొహం పాలిపోయింది.

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. మా పిల్లలు అల్లరి చెయ్యరండీ, నిలబడి చూసి వెళ్తారు, అంది.

"అల్లరి చేసే పిల్లలంటే నాకు భయం లేదమ్మా. శ్రద్ధగా చూద్దామని దగ్గరకొచ్చే పిల్లలున్నారే, వాళ్లంటేనే" అని, అందరినీ తిరిగి పంపించేశారు.

ఎంత మొరటు మనిషో అనుకున్నాం. సాయంత్రం చూస్తే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని సైకిలు మీద టీచరమ్మ ఇంటికి వెళ్లారు. వచ్చే బుధవారం తీసుకురండి, మిల్లు మీకోసం ఆపుతాను, అని ఆయనే చెప్పి వచ్చారు. జడలు పైకి కట్టాలి, చున్నీలు, గాజులు స్కూల్లోనే వదిలెయ్యాలి, కాళ్లకి చెప్పులు లేకుండా ఒక్కరు కూడా రాకూడదు. చెప్పులు లేని పిల్లలు పదిహేను మంది దాకా తేలారు. మా ఇళ్లలోవీ, స్కూలు పక్కిళ్లలోవీ పోగేస్తే ఒక పిల్లవాడికి మా ఆయన చెప్పులు వచ్చాయి, తాడుతో కట్టుకుని నడిచాడు.

ఇదంతా ఓనరు గారికి నచ్చలేదు. ఎందుకయ్యా ఈ గోల, గేటుకి బోర్డు రాయించి తగిలిస్తే పోదా అన్నారు. మేస్త్రీ గారు అప్పటికి ఓనరు గారి ఎదుట ఎన్నడూ కూర్చోని మనిషి, నిలబడే జవాబు చెప్పారు. బొంగరాలకి చెక్కముక్కల కోసం వెనక గోడ దూకే పిల్లలు వారానికి ఇద్దరు దొరుకుతున్నారనీ, చూడనివ్వకపోతేనే దూకుతారనీ చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు. "వీళ్లలో సగం మంది ఇంకో ఐదేళ్లకి పత్తి జిన్నింగు మిల్లులోనో కారం మిల్లులోనో బెల్టు పక్కన నిలబడతారండి. మిషను ఎలా తిప్పాలో వాళ్లకి ఎవడో ఒకడు చెబుతాడు. ఎలా ఆపాలో ఎవడు చెబుతాడు?"

సరే కానీ, సంవత్సరానికి రెండుసార్లే, అన్నారు ఓనరు గారు.

ఆ బుధవారాల కోసం ఆయన పడే హడావుడి చూస్తే పెళ్లివారింటి పెద్ద గుర్తొచ్చేవాడు. ముందురోజే దుంగల గుట్ట ఎక్కి, ఈ చివరనుంచి ఆ చివరకి ఎగిరి ఎగిరి దూకేవారు, ఒక్క దుంగ కదిలినా దిగి దానికింద చెక్క చీలలు దిగ్గొట్టేవారు. నన్ను పిలిచి రంపం చుట్టూ ముగ్గు గీత గియ్యమన్నారు. ఉత్త గీతేనా అన్నాను. పువ్వులు కూడా వెయ్యి చెల్లెమ్మా, అన్నారు, తాడు కడితే వీళ్లు కిందనుంచి దూరతారు, సున్నం గీత గీస్తే దాటతారు, పువ్వులేసిన ముగ్గు తొక్కడానికి మన పిల్లలకి కాలు రాదు. నిజంగానే రాలేదు. గీత దగ్గరికొచ్చి కాలివేళ్లు ముడుచుకుని నిలబడేవాళ్లు.

ఆగిపోయిన మిల్లులో చూడ్డానికేముంటుంది అని నేననుకున్నాను. ఆయన వేప దుంగ ఒకటి పక్కన పెట్టించి, దీంట్లో ఇనుము దాక్కుని ఉంది వెతకండి అనేవారు. వేప మానంటే ఆయనకి హడల్. పంటి కింద మేకు పడిందంటే రంపం తెగి కొరడాలా లేస్తుంది. ఒకసారి పిల్లలు ఉండగానే దర్శి వైపు రైతు ఒకాయన తన దుంగలో మేకే లేదని వాదన పెట్టుకున్నాడు. మా ఇంటిముందు చెట్టండీ, నాకు తెలీదా, అన్నాడు.

"ఇంటిముందు చెట్టేనా? అయితే గేదెని కట్టేసుంటావు, లాంతరు తగిలించుంటావు. రెండు పార్టీలవాళ్లూ బోర్డులు కొట్టుంటారు. ఎన్ని ఎలక్షన్లు చూసిందో చెప్పు, మేకులెన్నో నే చెబుతా."

పిల్లలు దుంగకి చీమల్లా పట్టారు. బెరడు మీద అరచేతులు పెట్టి తడిమి తడిమి ఏడు మేకులు కనిపెట్టారు. ఒక పిల్ల అయితే చెక్కలోకి పూర్తిగా మునిగిపోయిన మేకుని, పైన బెరడు కొంచెం పొంగి ఉందని పట్టుకుంది. ఆయన సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా చుట్టి, ఆ పిల్లకి నమస్కారం పెట్టారు. వేళాకోళానికి కాదు. ఆ రైతు అక్కడే నిలబడి, ఎవరు కొట్టారో చెట్టుకి అని తన ఊళ్లోవాళ్లని తిట్టుకుంటున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫ్యూజులు ఒక ఎత్తు. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. స్విచ్ ఆపాం కదా అని ఆయన నమ్మేవారు కాదు. ఎవరి చెయ్యైనా తగలొచ్చు. అందుకని పిల్లలు గేటు దగ్గరికి రాకముందే మెయిన్ బోర్డు తెరిచి, మూడు పింగాణీ ఫ్యూజులూ పీకేసేవారు. అవి లేకపోతే మిల్లు శవంతో సమానం. మొదటిసారి వాటిని తెచ్చి నా చేతిలో పెట్టారు.

నాకెందుకన్నయ్యా, మీ జేబులో పెట్టుకోండి, అన్నాను.

"నా జేబులో ఉంటే ఓనరు గారు చెయ్యి పెట్టి తీసుకుంటారు. నీ కొంగున ముడేసుకో. ఆడమనిషి కొంగు మీద చెయ్యి వేసేవాడెవడూ ఈ ఊళ్లో లేడు. ఆఖరి పిల్ల గేటు దాటిందాకా ముడి విప్పమాకు. ఎవరడిగినా ఇవ్వొద్దు. నేనడిగినా ఇవ్వొద్దు."

అలా రెండేళ్లు నాలుగుసార్లు పిల్లలొచ్చారు, వెళ్లారు. నేను గేటు దగ్గర కుండ పక్కన కూర్చుని మంచినీళ్లు ఇస్తుండేదాన్ని. కొంగు బరువుగా మోకాలికి తగులుతుండేది. ఎవరూ అడగలేదు.

ఐదోసారి అడిగారు.

ఆ రోజు నలభై నాలుగు మంది పిల్లలు. సగం మంది ముగ్గు అవతల దుంగల దగ్గర, సగం మంది ట్రాలీ పట్టాల మీద. ఆ పూట మేస్త్రీ గారే వాళ్లని గీత లోపలికి తీసుకెళ్లి, చచ్చిన రంపం పళ్లు ఎంతెంత ఉన్నాయో ముట్టుకుని చూడమంటున్నారు. ఇద్దరు పిల్లలు కింది గుంటలోకి వంగి చక్రం చూస్తున్నారు. అంతలో తెల్లకారు వచ్చి ఆగింది. ఓనరు గారు, వెంట ఒక పెద్దమనిషి. నరసరావుపేటలో ఆయనకి పెద్ద ప్రైవేటు స్కూలుందట, కొత్తగా హాస్టలు కడుతున్నాడట, దాని తలుపులూ కిటికీలూ అన్నిటికీ చెక్క మా మిల్లు నుంచే వెళ్లే మాట నడుస్తోందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనపడింది ఓనరు గారి మొహంలో తొందర ఒక్కటే.

ఒక దుంగ కోసి చూపించవయ్యా, సార్‌కి టైము లేదు, అన్నారు ఓనరు గారు.

పిల్లల్ని బయటికి పంపి మొదలెడతానండి, పావుగంట, అన్నారు మేస్త్రీ గారు.

పావుగంట దేనికి, పక్కకి జరగమంటే జరుగుతారు, అన్నారు ఓనరు గారు. పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. మేస్త్రీ గారు మళ్లీ ఏదో చెప్పబోయారు. ఓనరు గారు గొంతు తగ్గించి, నవ్వుతున్నట్టే పెట్టిన మొహంతో, "నా మిల్లు నడపడానికి నేను ఎవర్ని అడగాలో చెప్పు" అన్నారు.

పిల్లలు వింటున్నారు. టీచరమ్మ వింటోంది. మేస్త్రీ గారు తల దించుకున్నారు. ఏళ్ల తరబడి దుంగల్ని ఎత్తిన భుజాలు ఒక్కసారి కిందికి జారినట్టు నాకు కనపడింది. ముగ్గు పక్కనుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, అరచెయ్యి చాచారు.

"ఇవ్వమ్మా."

నేను ముందు మా ఆయన వంక చూశాను. తర్వాత గుంట దగ్గరున్న ఇద్దరు పిల్లల వంక చూశాను. మేముండే గది ఆ మిల్లు ఆవరణలోనే, నా పొయ్యి, నా మంచం, నా పిల్ల చదువు అన్నీ ఆ గోడకి ఇవతలే.

"పిల్లలు లోపలున్నారు అన్నయ్యా" అన్నాను.

"జరుపుతాంలే. ఇవ్వు."

"బయటికెళ్లాక ఇస్తాను."

ఆయన చెయ్యి అలాగే ఉంది. నేను కొంగు తీసి నడుం చుట్టూ తిప్పి దోపుకున్నాను. ఓనరు గారు మా ఆయన వైపు తిరిగి, ఏమయ్యా, మీ ఆవిడకి చెప్పు, అన్నారు. మా ఆయన పిల్లల దగ్గరికి వెళ్లి, గుంట దగ్గరున్న ఇద్దరినీ భుజాలు పట్టి లేపి, ఆ మూడువేళ్ల చేత్తోనే ఇద్దరిద్దరిని జతచేసి వరస కట్టించడం మొదలెట్టాడు. టీచరమ్మ కూడా కదిలింది. నేను గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క తలనీ లెక్కపెట్టాను. నలభై నాలుగు. ముడి విప్పుదామంటే బిగుసుకుపోయి రాలేదు, పంటితో లాగాల్సి వచ్చింది.

మేస్త్రీ గారు ఫ్యూజులు పెట్టారు. దుంగ కోశారు. పిల్లలు రోడ్డు మీద నుంచి గేటు కమ్మీల సందుల్లోంచి చూసి చప్పట్లు కొట్టారు. ఏమీ కాలేదు. ఇవ్వమన్నప్పుడే ఇచ్చి ఉన్నా ఏమీ అయ్యేది కాదేమో, అది ఎవరు చెప్పగలరు? పెద్దమనిషి మాత్రం సగం కోతలోనే మళ్లీ వస్తానని కారెక్కాడు. ఓనరు గారు ఇక ఈ గేటు లోపలికి స్కూలు పిల్లలు రావడానికి వీల్లేదన్నారు. మమ్మల్ని నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు.

సాయంత్రం మేస్త్రీ గారు వచ్చి మా గుమ్మం ముందు రాయి మీద కూర్చున్నారు. టీ ఇస్తే తాగకుండా పట్టుకున్నారు.

"అడిగాను కదమ్మా నేను."

"అడిగారు."

"నేనడిగినా ఇవ్వొద్దని ఆ రోజు గొప్పగా అన్నాను చూడు. అంటున్నప్పుడు, నేనెందుకు అడుగుతానులే అనే అనుకున్నా."

మా ఆయన, పోనీలెండి మేస్త్రీ గారూ, ఇంకో ఊరు చూసుకుంటాం, అన్నాడు. ఎవరూ ఎక్కడికీ పోవట్లేదని ఆయన టీ అంతా ఒక్క గుక్కలో తాగి లేచారు.

మర్నాడు ఓనరు గారి గదిలోకి వెళ్లి, వీళ్ల గది వీళ్లకుండాలి, పిల్లలు రావాలి, ఈ రెండూ కాదంటే నేను రాను, అని చెప్పి సైకిలెక్కి ఇంటికి వెళ్లిపోయారు. ఇంటి దగ్గర ఆయన ఏం చేస్తున్నారో చూద్దామని నాలుగోరోజు వెళ్లాను. అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు, ఆయన భార్య పక్కన నవ్వుతోంది. ఈయన తీసిన తొడిమలన్నీ ఒకే కొలతగా ఉంటాయమ్మా, అందుకే బస్తా తెమలట్లేదు, అంది. తగ్గమని చెప్పడానికే నేను వెళ్లింది. ఆయన మొహం చూశాక ఆ మాట మానేసి నేనూ పక్కన కూర్చుని తొడిమలు తీశాను.

మిల్లులో వేరే మనిషిని పెట్టారు. పలక ఈ చివర ఒక మందం, ఆ చివర ఒక మందం వచ్చేది. వడ్రంగులు బండ్లమీద పలకలు వెనక్కి తెచ్చి దించేసి, ఇది మేస్త్రీ కోత కాదు, ఆయనొచ్చాకే మాకు కబురు పెట్టండి, అని వెళ్లిపోయేవాళ్లు. దర్వాజాల చెక్క షెడ్డు నిండా పేరుకుపోయింది. పన్నెండోరోజు ఓనరు గారే మేస్త్రీ గారి ఇంటికి వెళ్లారు. అరుగు మీద ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఇద్దరూ కూర్చునే మాట్లాడుకున్నారని మాత్రం ఆయన భార్య చెప్పింది.

మళ్లీ పిల్లలొచ్చిన బుధవారం, ఆయన ఫ్యూజులు పీకి వెంటనే నాకివ్వలేదు. పిల్లలందరినీ గేటు బయటే నిలబెట్టి, ఆ మూడింటినీ అరచేతిలో పట్టుకుని చూపించారు.

"పోయినసారి మీ అన్నలూ అక్కలూ లోపల ఉండగా నేను వీటిని ఈవిడ దగ్గర అడిగాను. ఈవిడ ఇవ్వలేదు. తప్పు నాది. రేపు మీరు ఎక్కడ పనికెళ్లినా మేస్త్రీ అడుగుతాడు, ఓనరు అడుగుతాడు, మంచివాళ్లే అడుగుతారు. లోపల మనిషుంటే ఇవ్వమాకండి."

అప్పట్నుంచి ఆయన ఆ మిల్లు మానేసిందాకా, వచ్చిన ప్రతి తరగతికీ ఈ మాట చెప్పారు. ఒక్కసారి కూడా తన పేరు తప్పించి చెప్పలేదు. నాకే సిగ్గేసి, ఇంక వదిలెయ్యండి అన్నయ్యా అనేదాన్ని. వినేవారు కాదు.

ఆ బుధవారమే, పిల్లలు లోపలుండగా ఓనరు గారు స్కూటరు మీద వచ్చారు. గేటు వేసి ఉంది, ఇవతల నేనున్నాను. చెయ్యి నాకు తెలియకుండానే కొంగు మీదికి పోయింది. ఆయన అది చూశారు. చూసి, అయిపోయిందా అమ్మా, అన్నారు.

ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారండి, అన్నాను.

ఆయన స్కూటరు స్టాండు వేసి, జేబురుమాలు తీసి నెత్తిన వేసుకున్నారు. ఎండ మండిపోతోంది, రోడ్డు పక్కన నీడ కూడా లేదు. పత్తి బోరాల బండి తోలుకుంటూ పోతున్న రైతొకడు ఎద్దుల్ని ఆపి, ఏంటండీ, మీ మిల్లు బయట మీరే నిలబడ్డారు, అని అడిగాడు.

"పిల్లలున్నారయ్యా లోపల" అన్నారు ఓనరు గారు.